టన్నుల లెక్కలో కూలి మనిషి

అడవులు పెంచితే కార్బన్ క్రెడిట్లు వస్తాయని, వాటితో పేదల ఆదాయం పెరుగుతుందని రెండు దశాబ్దాలుగా వింటున్నాం. ఫ్యాక్టరీ వదిలిన బొగ్గుపులుసు వాయువును ఎక్కడో ఒక చెట్టు పీల్చుకుంటే, దాన్ని టన్నుల్లో కొలిచి అమ్ముకోవచ్చు. టన్నుకు ఒక క్రెడిట్. 1997 నాటి క్యోటో ఒప్పందం ఈ బేరానికి దారి వేసింది. మరి చెట్టుకు ధర కట్టినవాళ్లు ఆ చెట్టు కింద బతికే మనిషిని ఏ ఖాతాలో రాశారు? ములుగు అడవి అంచున మాల మాదిగ వాడల్లో పుట్టి, మా ఇండ్లల్ల మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మేము ఈ ప్రశ్న అడగాల్సే ఉంది.

ములుగు నుంచి గోదావరి వెంట దిగువకు పోతే భద్రాచలం ఎదురుగా సారపాక కాగితం మిల్లు వస్తుంది. దాన్ని నడిపే ఐటీసీ, అప్పటి ఖమ్మం జిల్లాలో రైతుల భూముల్లో పెంచిన జామాయిల్ తోటలను 2009లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం కింద నమోదు చేయించింది. విస్తీర్ణం 3,070 హెక్టార్లు, అంటే 7,500 ఎకరాలకు పైనే. రైతుకు కర్ర పైసలు, మిల్లుకు కర్ర, ప్రపంచానికి చల్లదనం. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు. ఇందులో ఎవరో కుట్ర చేశారని మేము అనడం లేదు. కుట్ర లేకుండానే నష్టం ఎట్లా జరుగుతుందో చూడాలంటున్నాం.

ఈ పథకాల నిబంధన ప్రకారం, 1989 డిసెంబర్ 31 నాటికి అడవి లేని భూమిలోనే చెట్లు పెంచాలి. ఆ భూమికి పెట్టే పేరు 'క్షీణించిన భూమి'. ఆ పేరు పెట్టేది ఎవరు? మా వాడ మనుషులను అడిగితే అది మేకలు మేసే చోటు, కట్టెల మోపు తెచ్చుకునే చోటు, చీపురు పుల్లలు కోసుకునే చోటు. పట్టా ఒకరిదే అయినా వాడకం పదిమందిది. ఆ వాడకానికి ఏ రికార్డులోనూ కాలం లేదు. కాబట్టి అది పోయినా పోయినట్టు ఎక్కడా నమోదు కాదు.

కూలి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మిరప చేనులో నాటు మొదలు ఏరుడు దాకా ఆడకూలీలకు నెలల తరబడి పని ఉంటది. జామాయిల్ తోటలో మొదటేడు గుంతలు, కలుపు. ఆ తర్వాత నరికేదాకా ఏండ్ల తరబడి చెప్పుకోదగ్గ పని ఉండదు. నరికేటప్పుడు మగవాళ్ల ముఠా లారీ ఎక్కి వస్తది. బీడులో పెట్టిన తోట పంటను మింగదు, నిజమే. కానీ పంట చేనును తోట చేసుకున్న ప్రతి చోటా ముందుగా పని పోయేది మా తల్లులకే.

ఇక వాటా సంగతి. క్రెడిట్ డబ్బు పట్టా ఉన్నవాని దగ్గరికే పోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసేతరులు అడవిలో భూమి హక్కు పొందాలంటే, 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీదనే బతికినట్టు రుజువు చేసుకోవాలి. అంటే 1930 నాటి సాక్ష్యం కావాలి. అప్పుడు నడిచింది నిజాం రాజ్యం. వెట్టి చేసినోనికి దొర రసీదు ఇచ్చిండా? 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు గిరిజనుల పేరున పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అది వాళ్ల హక్కు. దాన్ని మేము ప్రశ్నించం. 1/70 చట్టాన్ని ఎత్తేయమనే వాళ్ల వెంట కూడా మేము నడవం. మా భయం వేరే ఉంది. నిన్నటిదాకా మా మేకలను అదిలించని కోయ రైతు, రేపు తన చెట్లు టన్నుల లెక్కలోకి ఎక్కితే కంచె వేయక తప్పదు. ఆయన చెడ్డవాడై కాదు, ఒప్పందం అట్లా రాసి ఉంటది కాబట్టి. భూమి లేని దళితుడికీ, నిన్న మొన్న పట్టా దక్కిన ఆదివాసీకీ నడుమ ఆ కంచె లేస్తుంది. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన కంపెనీ మాత్రం ఎక్కడా కనబడదు.

పైగా చెట్టు నిలకడ ఎంత? 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేల చెట్లు ఒక్కసారే నేలకూలాయి. చెట్లు ఎప్పటికీ నిలవవని తెలిసే క్యోటో నిబంధనల్లో అడవి క్రెడిట్లను తాత్కాలికమైనవిగా పెట్టారు. గాలిని ఆపలేరు గనుక కాపలా అంతా మోపు ఎత్తుకున్న ఆడమనిషి మీదికే మళ్లుతుంది.

వేరే దారి లేదా అంటే, పవర్‌గూడ ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఈ ఊళ్లో గోండు మహిళలు కానుగ గింజల నూనెను డీజిల్‌కు బదులుగా వాడే లెక్క మీద 2003లో 147 టన్నులు ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు. మొత్తం చిన్నదే. కానీ అక్కడ చెట్టు దగ్గరికి మనిషి పోతేనే, గింజ ఏరితేనే క్రెడిట్. మనిషిని దూరం పెట్టడం మీద ఆ లెక్క నిలబడలేదు.

మన ఉద్యమాలు దున్నేవానికే భూమి అన్నాయి. అడవిని మాత్రం ఆదివాసుల సమస్యగా వదిలేశాయి. ఆ తప్పు మనదే. ఇకనైనా ఇట్లాంటి ఒప్పందం ఏది వచ్చినా గ్రామసభలో పట్టాదారులతో పాటు వాడ మనుషులు కూడా కూచోవాలి. కట్టెలు, మేత, దారి హక్కులను ముందే రాయించాలి. పోయే కూలి దినాలను లెక్కగట్టి, వాటికి బదులేమిటో చెప్పించాలి. టన్నులు కొలిచే చేతులకు పనిదినాలు కొలవడం కష్టమేమీ కాదు.