పాత జీపు: రేకూ ఇంజనూ ఎరిగిన పనితనం

పాత ఫోర్‌వీల్ జీపును ఇంటి దగ్గర విప్పి, బాగుచేసి, అవసరానికి తగ్గట్టు మలుచుకోవడంలో నాలుగు వృత్తులు కలుస్తాయి: రేకుపని, ఇంజనుపని, లేతుపని, వైరింగు పని. ఇలాంటి జీపులు తిరిగిన సీమ బళ్ళారి. అక్కడి కౌల్ బజార్ ఒకప్పుడు దండును ఆనుకుని పెరిగిన బజారు. తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసి వినబడే పేట. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. హద్దు మారినా ఈ సీమకు ఎర్రదుమ్ము బాటలు అలాగే మిగిలాయి. సండూరు కొండల ఇనుప గనుల దారుల్లో ఎక్కి దిగడానికి జీపును మించిన బండి చాలాకాలం లేదు.

జీపు పుట్టుకే ఒక పనితనపు కథ. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంటే, బాంటమ్ కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్‌స్ట్ రెండు రోజుల్లో నమూనా గీశాడంటారు. విల్లీస్ కంపెనీ ఇంజనీరు బార్నీ రూస్ అంతకంటే గట్టివాడు. బండి బరువు హద్దు దాటిందని విడిభాగాలన్నీ విప్పి తూచి, బోల్టుల పొడవు కత్తిరించి, చివరికి రంగు పూత కూడా తగ్గించాడని చెబుతారు. ఆయన తీర్చిన 2,199 సీసీ గో డెవిల్ ఇంజను 60 గుర్రాల శక్తినిచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు కట్టాయి. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. తర్వాత సీజే3బీ అనే నమూనా దశాబ్దాల పాటు మన పల్లెదారుల బండి అయింది.

బాగుచేత బండిని గుర్తుపట్టడంతో మొదలవుతుంది. బానెట్ ఎత్తుగా, ముఖం పొడుగ్గా ఉంటే సీజే3బీ. అందులోని హరికేన్ ఇంజనుకు గాలి లోపలికి పోయే వాల్వులు హెడ్డులో, పొగ వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఇంజను ఎత్తు పెరగడం వల్లే బానెట్ లేచింది. వాల్వులన్నీ బ్లాకు పక్కనే ఉంటే అది పాత గో డెవిల్. మహీంద్రా ఎంఎం540 నమూనా అయితే ప్యుజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజను, 2,112 సీసీ. ఆర్సీ పుస్తకంలోని షాసీ నంబరు, ఇంజను నంబరు ఇనుము మీది అంకెలతో సరిపోయాకే స్పానరు చేతికెత్తుకోవాలి.

తర్వాత షాసీ. బాడీ దించి, నాలుగు మూలలనూ సమమట్టంలో నిలిపి, ముందు కమాన్ కొక్కెం నుంచి వెనక ఎదురు కొక్కెం వరకు మూలకు మూల దారం లాగి కొలవాలి. రెండు కొలతలూ కలవకపోతే షాసీ వంకరపోయినట్టే. వంకర తీయకుండా బాడీ ఎక్కిస్తే తలుపులు కలవవు, స్టీరింగు ఒకవైపే లాగుతుంది. రాయిలాంటి కమాన్ పట్టీలకు మళ్ళీ వంపు తేవడం కొలిమి ఎరిగినవారి పని. పట్టీని కాల్చి, వంపు కొట్టి, నూనెలో ఆర్చి, పదునుకు తగ్గ వేడికి మళ్ళీ తేవాలి. ఆ వేడి కాస్త తగ్గితే పట్టీ విరుగుతుంది, కాస్త పెరిగితే సాగిపోతుంది.

అసలు గొప్పతనం రేకుపనిలో కనిపిస్తుంది. యుద్ధకాలపు జీపు నేలకింది పట్టీల్లో చెక్క ముక్కలు పెట్టారు. అవి నీరు తాగి, చుట్టూ రేకును లోపలినుంచి తినేస్తాయి. డ్రైవరు సీటుకింద పెట్రోలు ట్యాంకు ఉండే గుంటదీ అదే గతి. మంచి టింకరింగ్ మేస్త్రి తుప్పుపట్టిన భాగాన్ని గట్టి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం రేకును అతుకు వేస్తాడు. పాత స్పాట్ వెల్డింగు ఉన్నచోట చిన్న రంధ్రాలు తొలిచి, వెల్డింగుతో నింపి, గ్రైండరుతో సమం చేస్తాడు. ఉబ్బిన రేకును దింపే తీరు కళ్ళారా చూడవలసినది. నాణెమంత చోటును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, కింద ఇనుప దిమ్మె పట్టి, కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. రేకు కుదించుకుని, ఉబ్బు దానంతటదే దిగిపోతుంది. పుట్టీ ఒక చెంచా కూడా పట్టదు. ఇలాంటి చేయి ఉన్న మేస్త్రికి ఎంత ఇచ్చినా తక్కువే.

ఇంజను విప్పకముందే చెవితో చదవగలవారు ఉన్నారు. స్క్రూడ్రైవరు మొనను బ్లాకుకు, పిడిని చెవికి ఆనించి, కొట్టుకుంటున్నది బేరింగా, ట్యాపెట్టా, పిస్టనా అని వాళ్ళు చెప్పేస్తారు. విప్పాక బోరు అరుగుదలను పైన, మధ్య, కింద కొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లకు తగ్గట్టు బోరింగు చేయించాలి. క్రాంకును గ్రైండింగుకు పంపాలి. గో డెవిల్ బ్లాకు లోపల నీటిని వెనక సిలిండర్లకు చేర్చే సన్నని గొట్టం ఉంటుంది. అది తుప్పుపట్టి పోతే ముందు సిలిండర్లు చల్లగా, వెనకవి కాగిపోతూ ఉంటాయి. ఎండ నలభై డిగ్రీలు దాటే బళ్ళారిలో ఈ గొట్టం మార్చని జీపు వేసవిలో నడవదు. గాలి ఫిల్టరు కింది గిన్నెలో నూనె పోసే పాత పద్ధతి ఎర్రదుమ్మును బాగా పడుతుంది, కాని గిన్నెను తరచూ కడిగి నూనె మార్చాలి.

నడక భాగాల్లో ఓపిక కావాలి. ముందు యాక్సిలు చివర గుండ్రని బంతిలాంటి గూడులో జాయింటు తిరుగుతుంది. దాని పైనా కిందా కింగ్ పిన్ను బేరింగులుంటాయి. షిమ్ములు చేర్చి తీసి, స్ప్రింగు తక్కెడతో చక్రపు గూటిని లాగి, బిగువు సరిపోయిందో లేదో చూస్తారు. ఈ కొలత తప్పితే వేగంలో స్టీరింగు వణుకుతుంది. పాత విల్లీస్ జీపుల ఎడమ చక్రాల నట్లు ఎడమ మర కలవి. అది తెలియక బలవంతంగా తిప్పి బోల్టులు తెంపే చేతులు ఎన్నో. ఫోర్‌వీల్ వేసి పొడి తారురోడ్డుమీద నడిపితే ముందు వెనక యాక్సిళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడి గేర్లను అరగదీస్తాయి. ఆ లీవరు మట్టికి, ఇసుకకు, రాళ్ళకు మాత్రమే.

సొంత మార్పులకూ ఒక ధర్మం ఉంది. ఆరు వోల్టుల కరెంటును పన్నెండుకు మార్చడం, ఒకే లైను బ్రేకును రెండు లైన్లు చేయడం, సీటుబెల్టులూ రోల్‌బారూ బిగించడం బండి ప్రాణాన్ని, మనిషి ప్రాణాన్ని కాపాడే మార్పులు. 6.00-16 సన్న టైర్లు తీసి, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములతో వెడల్పు టైర్లు వేయడం శుద్ధ దండగ. ఆ భారమంతా కింగ్ పిన్ను బేరింగుల మీద పడుతుంది. సంకెల కొక్కేలు పొడిగించి బండిని ఎత్తు లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్ క్రాసులు విరుగుతాయి.

అంతకంటే ఘోరం నకిలీ. ఎక్కడో దొరికిన పాత ఆర్సీకి కొత్త రేకు బాడీ కట్టి, ఏదో డీజిల్ ఇంజను కుక్కి, వేలు మందం పుట్టీ పూసి, మెరుపు రంగు కొట్టి ‘అసలు విల్లీస్’ అని అమ్మడం కొనేవాడి కళ్ళలో దుమ్ము కొట్టడమే. చిన్న అయస్కాంతం తగిలిస్తే ఆ మోసం బయటపడుతుంది: పుట్టీ దట్టంగా ఉన్నచోట అది అంటుకోదు. చట్టమూ ఇలాంటి బండి పక్షాన లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధమైన మార్పును ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నియమాలు యాభై ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. అయితే షాసీ, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉండాలి. అంటే నిజాయితీగా బాగుచేసిన జీపుకే చట్టం గౌరవం ఇస్తుంది.

ఇప్పుడు పోతున్నది బండ్లకంటే ముందు చేతులు. బండ్ల సంగతి చూస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను కొనసాగదు, వాటి దారి తుక్కుకే. వాటితో పాటు అసలైన గేరుబాక్సులు, యాక్సిళ్ళు, బ్లాకులు గుజిరీలో కిలోల లెక్కన తూకానికి పోతున్నాయి. కొయ్య సుత్తితో రేకును మాట వినిపించే మేస్త్రి ముసలివాడవుతున్నాడు, పక్కన నిలబడి నేర్చుకునే కుర్రవాడు లేడు. కాబట్టి కౌల్ బజార్‌లోనైనా, గుంతకల్లులోనైనా, ఆదోనిలోనైనా ఇంటి వెనక పాత జీపు ఉన్నవారు దాన్ని గుజిరీవాడికి తూచి ఇవ్వకముందు ఒక పెద్ద మేస్త్రికి చూపించాలి. పని తెలిసిన చేతికి తగిన కూలి ఇవ్వాలి, ఇంట్లో పిల్లవాడిని ఆయన పక్కన నిలబెట్టాలి. మేస్త్రి పోయాక ఎంత డబ్బు పోసినా ఆ పని తిరిగి రాదు.