బస్సు అద్దం అవతలి ఊరు

తెలుగులో ‘బర్బరుడు’ అంటే అనాగరికుడు, క్రూరుడు. సంస్కృతం నుంచి మనకొచ్చిన మాట. దీనికి దాయాది గ్రీకులోనూ ఉంది: మనకు అర్థంకాని భాషలో ఏదో ‘బర్ బర్’ మని వాగేవాడు అని దాని భావం. ఉత్తరాఫ్రికా కొండల్లో, ఎడారి అంచుల్లో ఉండే జనానికి బెర్బర్లనే పేరు ఆ గ్రీకు మాట నుంచే వచ్చిందంటారు. వాళ్ళు మాత్రం తమను అమజిగ్‌లని చెప్పుకుంటారు. మనుషులకు ఒకరి మాట ఒకరికి అందకపోవడం గురించి ‘బేబెల్’ (2006) తీసిన అలెహాండ్రో గొన్సాలెస్ ఇన్యారితు, కథను ఈ జనం ఉండే నేల మీదే మొదలుపెట్టాడు. సినిమా మళ్ళీ చూస్తుంటే, పేరులో చెప్పిన సంగతి ఒకటి, ఆ నేల చెప్పే సంగతి ఇంకొకటి అనిపించింది.

మర్రకేష్‌లో కారెక్కి, 2,260 మీటర్ల ఎత్తున్న టిజి న్ టిష్కా కనుమ దాటి, వర్జాజాత్ మీదుగా ఇసుకతిన్నెల దాకా వెళ్ళే రోడ్డు ఇప్పుడు పర్యాటకులకు బాగా అలవాటైన దారి. దారిలో అయిత్ బెన్‌హద్దూ అనే మట్టికోటల ఊరుంది. 1987లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962), ‘గ్లాడియేటర్’ (2000) సినిమాల్లో కనిపించేది ఈ ఊరే. ఒకచోట అరేబియా, ఇంకోచోట రోమన్ల కాలపు పట్నం. తన పేరుతో తాను తెరమీదికి రావడం దానికి అరుదు. మన సినిమా పాటల్లో విదేశీ వీధులకు పట్టే గతే ఇది: ఊరు కావాలి, ఊరివాళ్ళు అక్కర్లేదు. ‘బేబెల్’లో అలా కాదు. ఆగ్నేయ మొరాకోలోని టజారిన్ తన పేరుతోనే కథలోకి వస్తుంది. ఆ భాగంలో స్థానికులుగా కనిపించేవాళ్ళలో చాలామంది అంతకుముందు నటించినవాళ్ళు కారు. ఈ సినిమాకు దక్కాల్సిన మొదటి మెచ్చుకోలు ఇదే.

కథ తెలిసిందే. మేకల్ని నక్కలు ఎత్తుకుపోతున్నాయని అబ్దుల్లా ఐదువందల దిర్హాములకూ ఒక మేకకూ తుపాకీ కొంటాడు. అది ఎంతదూరం పేలుతుందో చూద్దామని అతని ఇద్దరు కొడుకులు పందెం వేసుకుంటారు. కింద రోడ్డు మీద పోతున్న టూరిస్టు బస్సులో సూసన్ అనే అమెరికన్‌కు గుండు తగులుతుంది. భర్త రిచర్డ్, గైడు అన్వర్ ఆమెను అన్వర్ వాళ్ళ ఊరికి తీసుకెళతారు.

ఇక్కడినుంచి చూడండి. గాయానికి కుట్లు వేసేవాడు పశువుల డాక్టరు. నొప్పితో అల్లాడుతున్న సూసన్ నోటికి తన పొగగొట్టం అందించి నిమిరేది ఒక ముసలమ్మ. సూసన్ భాష ఆమెకు రాదు, ఆ అవసరమూ పడలేదు. మరి రిచర్డ్‌ను వదిలేసి వెళ్ళిపోయేదెవరు? అతని భాషే మాట్లాడే బస్సులోని వాళ్ళు. ఎండ, భయం, ఏసీ నడపడానికి డీజిల్ ఖర్చు అవుతుందన్న గొడవ. అతను ఫోనులో ఉండగా బస్సు కదిలిపోతుంది. హెలికాప్టర్ ఆలస్యం కావడానికీ భాష కారణం కాదు. ఇది టెర్రరిస్టుల పని అన్న అనుమానం మీద రెండు ప్రభుత్వాలకు పేచీ. తుపాకీ అమ్మిన హసన్‌ను పోలీసులు చితకబాదేటప్పుడు కూడా అనువాదకుడి అవసరం ఎవరికీ లేదు.

అందుకే ‘బేబెల్’ అన్న పేరు ఈ భాగానికి అతకదంటాను. టోక్యోలో మాటలు వినపడని అమ్మాయి కథకు అది సరిపోవచ్చు. మొరాకోలో మాత్రం అందనిది మాట కాదు, సాయం. అది ఎవరి పాస్‌పోర్టును బట్టి ఎవరికి అందుతుందన్నదే అసలు ప్రశ్న. దాన్ని భాషల సమస్య అనేస్తే ఎవరి తప్పూ లేనట్టు తేలిపోతుంది. తప్పు మాత్రం సినిమాలోనే కళ్ళెదుట కనిపిస్తోంది.

చివర్లో హెలికాప్టర్ వస్తుంది, సూసన్ బతుకుతుంది. డబ్బివ్వబోయిన రిచర్డ్ చేతిని అన్వర్ నెమ్మదిగా తోసేస్తాడు. అదే ఎడారిలో, పారిపోతున్న అబ్దుల్లా పెద్దకొడుకు అహ్మద్ పోలీసు తూటాలకు కూలిపోతాడు. చిన్నవాడు యూసెఫ్ తుపాకీని రాళ్ళకేసి బద్దలుకొట్టి, చేతులెత్తి, నేనే చేశాను, అన్నను కాపాడండి అని వేడుకుంటాడు. ఇంతకంటే స్పష్టంగా ఎవరు మాట్లాడగలరు? టోక్యో బారులోని టీవీ మాత్రం అమెరికన్ మహిళ ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిందనే చెబుతుంది.

దర్శకుడికి ఈ తేడా తెలియదనలేం. కొండమీద గాలికి ఒరిగి ఆడుకుంటున్న అన్నదమ్ముల్ని ఆ క్షణంలోనే చూపిస్తాడు; సినిమా మొత్తంలో నన్ను కుదిపేసిన దృశ్యం అది. అయినా ఆ తర్వాత యూసెఫ్ ఏమయ్యాడో, ఆ తల్లి ఏమైందో చెప్పడు. మిగతా కథల్లో తండ్రి బిడ్డను హత్తుకుంటాడు, కొడుకు తండ్రి గొంతు ఫోనులో వింటాడు. ఈ ఇంటికి మాత్రం ఆపాటి ముగింపు కూడా లేదు. కెమెరా ఊళ్ళోకి దిగింది, ఇళ్ళలో కూర్చుంది, హెలికాప్టర్ లేవగానే దాంతోపాటే వెళ్ళిపోయింది.

ఈ లోపం ఉన్నా, ఆ దారిన ప్రయాణం కట్టేవాళ్ళకు నేను ఈ సినిమానే సిఫార్సు చేస్తాను. మట్టికోటల ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. రోడ్డు మీద మనం పోతున్న బస్సు కొండమీది పిల్లలకు ఎలా కనిపిస్తుందో చూపించిన సినిమా నాకు ఇదొక్కటే తగిలింది.