కట్టె కొరికే గుర్రానికి కొరడా మందు కాదు

దామగ్రంథి అన్న మారుపేరుతో విరాటుడి కొలువులో చేరబోతూ నకులుడు తనకేం వచ్చో చెప్పుకుంటాడు. గుర్రాల స్వభావం తెలుసు, వాటికి నేర్పడం తెలుసు, దుష్ట గుర్రాన్ని దారికి తేవడం తెలుసు, జబ్బు చేస్తే వైద్యమూ తెలుసు. ఈ నాలుగూ ఒక్కడి చేతిలో ఉండటమే పాత అశ్వవిద్యలోని గొప్ప. ఇప్పుడు నేర్పేవారు వేరు, డాక్టరు వేరు, దాణా పెట్టే సైసు వేరు. గుర్రం కరిచిందంటే దాని నోరు తెరిచి పళ్ళు చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఎన్నో గుర్రాలు ఊరికే దెబ్బలు తినేది అక్కడే.

కట్టె కొరికే అలవాటునే తీసుకుందాం. పొద్దస్తమానం లాయంలోనే ఉండే గుర్రం తలుపు పైఅంచును ముందు పళ్ళతో పట్టుకుంటుంది. మెడ బిగబట్టి వెనక్కి లాగుతుంది. గొంతులోంచి చిన్న మూలుగు వస్తుంది, గాలి లోపలికి పోతుంది. వదిలేసి మళ్ళీ పట్టుకుంటుంది. గంటల తరబడి ఇదే పని. కొన్నాళ్ళకు తలుపు అంచు గుంటలు పడుతుంది, ముందు పళ్ళు ఏటవాలుగా అరిగిపోతాయి. యజమాని తలుపుకు కారం రాయిస్తాడు, మెడకు పట్టీ బిగిస్తాడు. పట్టీ ఉన్నంతసేపు ఆగుతుంది, తీయగానే మొదలుపెడుతుంది.

కారణం తలుపులో లేదు, మేతలో ఉంది. బయట తిరిగే గుర్రం రోజుకు 14 నుంచి 16 గంటలు గడ్డి మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం రాత్రింబగళ్ళు ఊరుతూనే ఉంటుంది. ఆ మంటను చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. అంత పెద్ద జంతువుకు కడుపు 8 నుంచి 15 లీటర్లే. రెండు పూటలా ఉలవ గుగ్గిళ్ళు దండిగా పెట్టి, గడ్డి పిడికెడు విదిల్చి, మిగతా రోజంతా నాలుగు గోడల మధ్య నిలబెడితే ఆ నోటికి పనేముంటుంది? తల్లి దగ్గర్నుంచి తొందరగా విడదీసిన పిల్లల్లోనూ, గింజ దాణా ఎక్కువ తినేవాటిలోనూ ఈ అలవాటు ఎక్కువ. ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంటుందని లాయాల్లో గట్టిగా నమ్ముతారు, దానికి తగ్గ ఆధారం మాత్రం లేదు. పాపం, ఆ నమ్మకంతో కట్టె కొరికేదాన్ని ఒంటరిగా కట్టేస్తే దాని బాధ ఇంకా పెరుగుతుంది. 450 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 7 కిలోల ఎండుగడ్డి పడాలి, అదీ ఒక్కసారిగా కాదు, రోజంతా పంచి. ముదిరిన అలవాటు పూర్తిగా పోకపోవచ్చు. తగ్గుతుంది, గుర్రం కుదుటపడుతుంది.

తలుపు దగ్గర నిలబడి ఇటూ అటూ ఊగే గుర్రాలకు కావలసింది తోడు. పక్క గుర్రం కనబడేలా కిటికీ పెట్టినా, చివరికి గోడకు అద్దం బిగించినా ఊగడం తగ్గుతుందని పరిశోధకులు చూశారు.

బెదురు సంగతికొస్తే, క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫోన్ రాసిన అశ్వవిద్య పుస్తకాన్ని మించిన గురువు నాకు కనబడలేదు. కోపంతో గుర్రం దగ్గరకు పోవద్దన్నది ఆయన మొదటి షరతు. బెదిరిన గుర్రాన్ని కొడితే, ఆ వస్తువు వల్లే తనకు నొప్పి కలిగిందనుకుంటుందని ఆయన కనిపెట్టాడు. ఆకలి దప్పులు తీరేది మనిషి చేతి మీదుగానే అని పిల్లగుర్రానికి తెలియాలన్నాడు. దాన్ని జనంలోకి, రకరకాల చప్పుళ్ళలోకి మెల్లగా తిప్పమన్నాడు.

ఆ పద్ధతిని ఒక ప్లాస్టిక్ పట్టా దగ్గర చూడవచ్చు. గుర్రం దూరం నుంచే తల ఎత్తి, చెవులు నిక్కించి, ముక్కుపుటాలు విప్పి ఆగిపోతుంది. నేర్పరి అక్కడే ఆగుతాడు, పగ్గం లాగడు. గుర్రం తల దించి ఒక్క నిట్టూర్పు విడవగానే వెనక్కి తిప్పి నాలుగడుగులు తీసుకుపోతాడు, మళ్ళీ తెస్తాడు. ప్రతిసారీ కాస్త దగ్గరకు. కిటుకంతా పగ్గం వదలడంలో ఉంది. గుర్రానికి పాఠం చెప్పేది లాగుడు కాదు, అది మాట విన్న ఆ క్షణంలోనే వదులయ్యే పగ్గం. ఒక్క రెప్పపాటు ఆలస్యమైనా వేరే పాఠం నేర్చుకుంటుంది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. అందులో నిజం లేకపోలేదు. మొండికేసినప్పుడల్లా దిగిపోయే రౌతు, మొండికేస్తే విశ్రాంతి దొరుకుతుందని గుర్రానికి తానే నేర్పుతున్నాడు. కానీ గట్టిగా ఉండటం వేరు, కొట్టడం వేరు. 1550లో నేపుల్స్‌లో పుస్తకం అచ్చువేసిన గ్రిసోనే, మొండి గుర్రానికి కర్రకు కట్టిన పిల్లితో బుద్ధి చెప్పమన్నాడు. ఆ మోటుతనం నుంచి బయటపడటానికి యూరప్‌కు చాలా కాలమే పట్టింది. 1733లో పుస్తకం వెలువరించిన లా గెరినియేర్ ఓపిక బాటను చూపాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ ఇప్పటికీ ఆయన్నే ప్రమాణంగా పెట్టుకుంది.

నిన్నటిదాకా సాధువుగా ఉన్న గుర్రం జీను వేస్తుంటే చెవులు వెనక్కి వంచి కరవబోతే, ముందు దాని వెన్ను మీద అరచేతితో మెల్లగా నొక్కుతూ పోవాలి. ఎక్కడ కండ ఉలిక్కిపడుతుందో చూడాలి. జీను కింద పుండుందా, పట్టీ ఒరుసుకుంటోందా, దవడ పళ్ళ అంచులు బుగ్గను కోస్తున్నాయా, కడుపులో పుండ్లున్నాయా? ఇవన్నీ చూశాకే పొగరు సంగతి.

హైదరాబాదు పెళ్ళి ఊరేగింపుల్లో గుర్రాలను చూసినప్పుడల్లా జెనోఫోన్ గుర్తొస్తాడు. బ్యాండు మోతకు అలవాటు చేయకుండా పెళ్ళికొడుకును ఎక్కించడం గుర్రానికీ ప్రమాదం, మనిషికీ ప్రమాదం. ముందు దూరంగా ఒక్క డప్పు, తర్వాత దగ్గరగా, ఆ తర్వాత మేళమంతా. అలా వారాల పాటు అలవాటు చేసిన గుర్రాన్నే కుదుర్చుకోవాలి. టపాకాయలు మాత్రం ఎంత అలవాటున్న గుర్రం దగ్గరా కాల్చకూడదు. బాజావాళ్ళు గుర్రానికి తోక వెనకే నడవకుండా కాస్త పక్కకు జరిగితే మేలు. దాని చూపు చుట్టూ దాదాపు 350 డిగ్రీలు తిరిగినా, సరిగ్గా తోక వెనకున్నది మాత్రం దానికి కనబడదు.