వంతులు తేల్చే స్లర్మ్

పులివెందుల జేఎన్‌టీయూలోనో, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివి హైదరాబాద్ ఐఐటీలో పరిశోధనకు చేరినవాళ్లు ‘పరమ్ సేవ’ సూపర్‌కంప్యూటర్‌కు పని అప్పజెప్పాలంటే స్లర్మ్‌ను దాటాల్సిందే. 2002 ప్రాంతంలో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మన కేసీ (కర్నూలు-కడప) కాలువ నీళ్లు వదిలే లస్కరు లాంటిది. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపో తేలుస్తుంది.

నాకు ముచ్చటేసేది బ్యాక్‌ఫిల్. పెద్ద జాబ్ (అప్పజెప్పిన పని) కోసం నోడ్లు, అంటే సూపర్‌కంప్యూటర్‌లోని విడివిడి కంప్యూటర్లు, ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటాయి. ఆ సందులో, పెద్దదానికి ఆలస్యం కాకుండా, గంటలో ముగిసే చిన్న జాబ్‌ను దూర్చేస్తుంది. కాకపోతే గడువు నిజం చెప్పాలి. రెండు గంటల పనికి మూడు రోజులు అడిగితే (అడగనివాళ్లెవరు!) ఆ సందులో చోటు దొరకదు.

ఎక్కువ వాడుకున్నవారి ప్రాధాన్యం ఎంత తగ్గాలో, ఏ క్యూకు ఎంత గడువో కుదిర్చేది మాత్రం నిర్వాహకుడే. ‘సార్, నా జాబ్ ఇంకా పెండింగే’ అంటూ రాత్రి పదింటికి వచ్చే ఫోన్లు ఎత్తేదీ ఆయనే.