చంద్రుని కొలతలు ఏమైనవి?

1971లో అపోలో 15, 1972లో అపోలో 17 యాత్రికులు చంద్రుని నేలలో రంధ్రములు తొలిచి ఉష్ణమాపకములను దింపి వచ్చిరి. అవి 1977 సెప్టెంబరు 30 వరకు రేడియో ద్వారా కొలతలు పంపినవి. కాని భాండాగారమునకు చేరినవి 1974 డిసెంబరు వరకు వచ్చినవి మాత్రమే. ఖర్చు తగ్గింపవలెనని యంత్రములను ఆపిరి, సరే. అంతవరకు వచ్చిన టేపులనైనను ఒక చోట చేర్చి దాచవలదా? తప్పు ఇక్కడ ఉన్నది.

నష్టమేమని పాఠకులు అడుగవచ్చును. నేల లోపలి ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుచున్నట్లు దొరికిన కొలతలలో కనబడినది. ఆ వేడిమి చంద్రుని గర్భమునుండి వచ్చినదా, పైనుండి దిగినదా? తరువాతి కొలతలు లేక తేల్చలేకపోయిరి. ఈ ప్రయోగమునకు ప్రధానుడైన లాంగ్‌సెత్ 1997లో మరణించెను. పిదప ఇతరులు వెదకగా వాషింగ్టన్ సమీపమున ఒక రికార్డుల గిడ్డంగిలో 440 టేపులు దొరికినవి. అవి 1975 ఏప్రిల్ నుండి జూన్ వరకు గలవి. తక్కిన కాలమునకు వారపు నివేదికలలో వ్రాసి ఉంచిన అంకెలే ఆదుకొన్నవి. టేపులు పోయినను కాగితము మిగిలినది చూడుడు! 2018లో సమాధానము వెలువడినది: యాత్రికుల నడకకు పైధూళి చెదరి, ముదురు వన్నె మన్ను బయటపడి, ఎండను ఎక్కువగా పీల్చుకొన్నది.

దూరపువారిని అననేల? మా ప్రయోగశాలలో విద్యార్థి ఫలితమును రికార్డులో అందముగా వ్రాసి, కొలతలు గల చిత్తుకాగితమును చించివేయును. రికార్డుకే మార్కులు వేయుచున్నది మేమే.