చాటుమాటు ఆటలో బొమ్మకెంత విలువ?

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము, బాచుపల్లిలో మా అపార్టుమెంటులోనే యుండు ముగ్గురు ఇంజనీరింగు విద్యార్థులు ఒక లాప్‌టాపు తీసికొని మా యింటికి వచ్చిరి. చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా వారొక వీడియో ఆటను తయారు చేసినారట. రాత్రివేళ కోటలోనికి చొరబడి, కావలివారి కంట బడకుండ ఒక పత్రమును ఎత్తుకొని వచ్చుట అందులోని పని. కోటకు గోలకొండను నమూనాగా తీసికొనిరి. రాతిగోడల పగుళ్లు, వానిలో మొలచిన నాచు, దివిటీ మంట, కావలివాని మీసము అన్నియు ముచ్చటగా నుండెను. “మాస్టారూ, మీరొకసారి ఆడి చూడండి” అని మౌసును నా చేతికిచ్చిరి.

నేను ఒక బురుజు నీడలో నక్కితిని. కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి. అయినను కావలివాడు ముప్పది అడుగుల దూరమునుండియే నన్ను చూచి కత్తి దూసి పరుగెత్తి వచ్చెను. రెండవసారి పంతము కొద్దీ దివిటీ క్రిందనే నిలిచితిని. వాడు నా ప్రక్కనుండి, భుజము తగులునంత దగ్గరగా, ఏమియు ఎరుగనట్లు నడచి పోయెను. “వీనికి రేచీకటి కాదర్రా, పగటిచీకటి యున్నట్లున్నది” అంటిని. పిల్లలు నవ్విరి గాని వారి ముఖములు చిన్నబోయినవి. ఆ మీసమునకే పది దినములు పట్టినదట!

జరిగినదేమి? వారి ఆటలో కావలివాడు నీడను చూచుట లేదు. తనకును ఆటగానికిని నడుమ దూరమెంత, మధ్య గోడ యున్నదా, ఆటగాడు తన ముఖమునకు ఎదుట నున్న కోణములో పడుచున్నాడా, ఈ మూడింటినే లెక్కించుచున్నాడు. నీడ బొమ్మలో మాత్రమే యున్నది; నియమములో లేదు. రెండవసారి నేను వెలుతురులో నిలిచియు ఆ కోణమునకు వెలుపల నుంటిని. అందుచేత వాని లెక్కలో నేను లేనివాడనే.

విద్యార్థులలో ఒక వాదము తరచుగా వినవచ్చుచుండును. చాటుమాటు ఆటలకు గ్రాఫిక్సు గొప్పగా నుండవలెనని కొందరు, ఆట బాగున్న బొమ్మ ఎట్లున్న నేమని కొందరు. ఈ రెండు పక్షములవారును ఒక సంగతి మరచుచున్నారని నా అభిప్రాయము. తెరమీది బొమ్మ ఆటగానికి మాత్రమే. కావలివాడు దానిని చూడడు. వానికి కన్నులు లేవు, అంకెలు కలవు. కాబట్టి బొమ్మ అందముగా నున్నదా అని గాక, బొమ్మ చెప్పిన మాటయు అంకె చెప్పిన మాటయు ఒకటేనా అని అడుగవలెను.

చరిత్ర చూచినచో ఈ సంగతి మరింత తేటపడును. 1987లో జపానులోని కొనామి సంస్థలో హిదియో కొజీమా అను యువకునికి ఎమ్మెస్సెక్స్ 2 అను కంప్యూటరుపై ఒక యుద్ధపు ఆటను తయారుచేయు పని వచ్చినది. ఆ యంత్రము తెరమీద ఒక అడ్డు వరుసలో ఎనిమిదింటికి మించి కదలు బొమ్మలను చూపజాలదు. ఇద్దరు ముగ్గురు శత్రువులను, వారి తూటాలను కలిపినచో లెక్క మించిపోవును. ఇక యుద్ధమెట్లు? పోరాడుటకు మారుగా తప్పించుకొనుటనే ఆటగా మార్చి అతడు ‘మెటల్ గేర్’ను నిర్మించెను. అందులోని కావలివాడు తన ముఖమెటున్నదో అటు తిన్నగా మాత్రమే చూడగలడు. అడ్డముగా ఒక అడుగు జరిగిన చాలు, మీరు క్షేమము. నేటి పిల్లవాడు ఆ బొమ్మలను చూచి నవ్వును. కాని పది నిమిషములు ఆడినచో వాని అరచేతులు చెమర్చుట నేను కన్నులార చూచితిని. యంత్రము పేదదై నందుననే ఆ ఆట చాటుమాటు ఆట అయినదని మనము మరువరాదు.

ఇక 1998లో వచ్చిన ‘థీఫ్’ సంగతి. దీనిని నిర్మించిన లుకింగ్ గ్లాస్ అను అమెరికా సంస్థ 2000లో మూతపడినది. అందలి మనుష్యులు చెక్కబొమ్మలవలె పలకలు పలకలుగా నుందురు. ఆ కాలమునకే అవి గొప్ప బొమ్మలు కావు. అయినను నాకు తెలిసినంతలో చీకటిని ఇంత గౌరవించిన ఆట మరియొకటి లేదు. తెర అడుగున ఒక చిన్న మణి యుండును. మీరు వెలుతురులో నున్న అది మెరయును, నీడలోనికి పోయిన నల్లబడును. కావలివాని లెక్కలో చేరు కాంతి ఎంతయో ఆ మణియే చెప్పుచుండును. కావలివానికి ఒక్క దృష్టికోణము గాక అనేక దృష్టిశంకువులు కలవు. ఎదుటి చూపు చురుకైనది. కడకంటి చూపు మందమైనది. కడకంట ఏదో కదలినట్లు తోచిన వెంటనే పట్టుకొనడు. ఆగును, గొణుగును, వెదకును.

ఇచ్చట భౌతికశాస్త్రమునకు సంబంధించిన ఒక చిక్కు కలదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. దీపమునకు 2 మీటర్ల దూరములో పడు కాంతిని 100 అనుకొనుడు. దూరము 4 మీటర్లైన అది 25 అగును. 6 మీటర్లైన 11 అగును. దూరపు వర్గమునకు విలోమానుపాతము కదా! ఆటలోని యంత్రము ఈ అంకెనే తీసికొని “25 కంటె తక్కువైన కనబడడు” అని నియమము పెట్టినదనుకొందము. కాని మన కన్ను ఇట్లు లెక్కింపదు. 1976లో అంతర్జాతీయ కాంతి సంఘము అంగీకరించిన సూత్రము ప్రకారము 25 పాళ్ల కాంతి మన కంటికి సుమారు 57 పాళ్ల వెలుగుగా తోచును. 11 పాళ్లు సుమారు 40గా తోచును. అనగా యంత్రము “ఇది చీకటి” అనుకొనుచున్న చోట ఆటగాని కన్ను “ఇది సగము వెలుతురు” అనుచున్నది. బొమ్మ ఎంత నాణ్యమైనదైనను ఈ తగవు తీరదు. నియమము కంటి కొలతతో కూర్చబడవలెను. లేదా ‘థీఫ్’లో వలె ఒక మణిని పెట్టి సత్యము చెప్పవలెను.

పైగా ఆ ఆటలో సగము పని చెవిదే. ఇనుప పలకమీద, గచ్చుమీద అడుగు మ్రోగును. తివాచీమీద, గడ్డిమీద మ్రోగదు. ఈ మాట చెప్పగానే నాకు మా పిల్లల గోలకొండ జ్ఞప్తికి వచ్చెను. ఫతే దర్వాజా కమాను క్రింద చప్పట్లు కొట్టిన కొండమీది బాలాహిసారులో వినబడునని విహారయాత్రకు పోయిన ప్రతి విద్యార్థికిని తెలియును. 1687లో మొగలు సైనికులు రాత్రివేళ గోడ నెక్కబోగా ఒక ఊరకుక్క మొరిగి కావలివారిని మేలుకొలిపినదని ఆనాటి చరిత్రలలో ఒక కథయు కలదు. కోటను కాచినది కన్ను కంటె చెవియే! మా పిల్లలు రాతిని, నాచును తెచ్చిరి గాని ఆ చప్పట్లను మాత్రము కోటలోనే విడిచి వచ్చిరి. వారి ఆటలో ఇనుప బూట్లతో పరుగెత్తినను ఎవ్వడును తల త్రిప్పడు. ఇది నా మొదటి ఫిర్యాదు కంటె పెద్ద ఫిర్యాదు.

అట్లని బొమ్మ వ్యర్థమనుట లేదు. 2002లో యుబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియోనుండి వచ్చిన ‘స్ప్లింటర్ సెల్’ను చూడుడు. అందులో నీడలు ముందుగా పూసిన రంగులు కావు. దీపము కదలిన నీడయు కదలును, దీపమును పగులగొట్టిన గదియే నల్లబడును. ఇచ్చట యంత్రశక్తి ఆటకు నిజముగా పనికి వచ్చినది. కాని అందులోను ఒక వింత యున్నది. కథానాయకుని తలమీది అద్దములకు మూడు పచ్చని దీపములు వెలుగుచుండును. అంత చీకటిలో వానిని ఏ కావలివాడును గమనింపడు! ఆటగానికి తన పాత్ర ఎక్కడున్నదో తెలియుటకు అవి ఉపకరించును. మనము దీనిని తప్పుపట్టము. నాటకములో ‘స్వగతము’ ప్రక్కనున్న పాత్రకు వినబడదని మనము ఒప్పుకొనలేదా? అదివలెనే ఇదియు ఒక ఒడంబడిక. మొదటి నిమిషములోనే ప్రకటించి కడవరకు నిలబెట్టుకొన్న ఒడంబడిక మోసము కాదు.

నాకు అన్నింటికంటె నచ్చినది 2012లో కెనడాలోని క్లేయ్ సంస్థ తయారుచేసిన ‘మార్క్ ఆఫ్ ది నింజా’. అది చదునైన బొమ్మల ఆట, లోతు లేదు. మన తోలుబొమ్మలాట తెరను చూచినట్లుండును. ఆటగాడు నీడలోనికి పోగానే అతని బొమ్మ నల్లని ఛాయగా మారును. వెలుతురులోనికి రాగానే రంగులు తేలును. అడుగు చప్పుడు ఎంత దూరము వినబడునో అంత మేర ఒక వలయము తెరమీద వ్యాపించును. గోడవెనుక నున్న కావలివాడు కానరాడు. అతని అడుగుల అలలు మాత్రమే కనిపించును. చప్పుడును కంటికి చూపుట వాస్తవమునకు విరుద్ధము, కాని ఆటకు అదియే సత్యము. అనంతపురము వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు ముఖమును ప్రక్కనుండి చూపుచు కన్నును మాత్రము పెద్దదిగా చెక్కుదురు. దూరమున కూర్చున్నవానికి కూడ ఆ పాత్ర ఎవరిని చూచుచున్నదో తెలియవలెను కదా. శైలి యనగా ఇదియే. దేనిని వదలవలెనో, దేనిని పెద్దది చేయవలెనో తెలిసియుండుట.

సూక్ష్మమైన చిత్రణ తప్పనిసరియగు చాటుమాటు ఆటలును కలవు. 2018 నవంబరులో వచ్చిన ‘హిట్‌మ్యాన్ 2’లో ముంబయి నగరము ఒక రంగము. అందులో ఆటగాడు నీడలో గాక జనములో దాగవలెను, వేషము మార్చవలెను. అతడు వెదకవలసిన వారిలో ఒకని ముఖమెట్లుండునో ఎవ్వరికిని తెలియదు. గుంపులో ఆనవాళ్లను బట్టి పోల్చుకొనవలెను. మనుష్యులందరును ఒకే అచ్చులో పోసినట్లున్నచో ఈ ఆట నిలువదు. ఇచ్చట చొక్కా రంగు కూడ నియమమే.

మన పిల్లలకు దగ్గరి ఉదాహరణము వేరొకటి యున్నది. పబ్జీ మొబైలు 2020 సెప్టెంబరులో మన దేశమున నిషేధింపబడినది. 2021లో దానికి బదులుగా బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వచ్చినది. ఎత్తైన గడ్డిలో బోర్లపడుకొన్నవాడు తాను దాగితిననుకొనును. అతని తెరమీద చుట్టును గడ్డియే. కాని చాల దూరముననున్న గడ్డిని ఫోను గీయదు, పని తగ్గించుకొనుటకై. కనుక దూరమునుండి చూచు ప్రత్యర్థికి చదును నేలమీద పడుకొన్న మనిషి స్పష్టముగా కనబడును. ఇది బొమ్మ నాణ్యతకు సంబంధించిన విషయమే. కాని అందమునకు కాదు, న్యాయమునకు. దాగినవానికి ఒక లోకమును, వెదకువానికి మరియొక లోకమును చూపుచున్నారన్నమాట. దాగుడుమూతలలో కన్నులు మూసికొన్నవాడు వ్రేళ్ల సందున చూచిన ఇతరులు ఊరకుందురా?

తెర సంగతియు కొంత చెప్పవలెను. మా గదిలో మధ్యాహ్నము పడమటి ఎండ నేరుగా పడును. ఆ వెలుగులో చవుక తెరమీద ముదురు బూడిదరంగును నలుపును ఒకటే. అట్టి తెరమీద చీకటి ఆట ఆడుట గ్రుడ్డివాడు బాట వెదకుటయే. ఇందుకు వేలు పోసి క్రొత్త గ్రాఫిక్సు కార్డు కొనవలసిన పని లేదు. కర్టెను వేసి, తెర వెలుగును సరిచేసికొన్న చాలును. తల్లిదండ్రులకు ఈ మాట ముఖ్యముగా చెప్పుచున్నాను. మరియొకటి: కావలివాడు జాగ్రత్తపడినపుడు ఎరుపు, మరచినపుడు ఆకుపచ్చ చూపు ఆటలు పెక్కు. ఆ రెండు రంగులను వేరుచేయలేని మగపిల్లలు ప్రతి పాఠశాలలోను ఒకరిద్దరైన నుందురు. గుర్తుకు రంగుతోపాటు ఆకారమును మార్చుట నిర్మాతకు పెద్ద శ్రమ కాదు.

హైదరాబాదునకు బొమ్మలు గీయు నేర్పు క్రొత్త కాదు. 2008లోనే ఇచ్చటి ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ సంస్థ, గీతా ఆర్ట్స్‌తో కలిసి, ‘గజిని’ సినిమాను ఐదు అంచెల కంప్యూటరు ఆటగా చేసినది. మన దేశపు తొలి త్రిపరిమాణపు ఆటలలో ఒకటిగా దానిని చెప్పుకొనిరి. ‘మూడు కొలతల బొమ్మ’ అనుటయే ఆనాడు గొప్ప. 2016లో తెలంగాణ ప్రభుత్వము యానిమేషను, ఆటల రంగమునకై ప్రత్యేక విధానమును ప్రకటించినది. మాదాపూరు, గచ్చిబౌలి వైపు చిత్రకారులు, సినిమా మాయాదృశ్యములు కూర్చువారు ఎందరో కలరు. బాచుపల్లి, నిజాంపేటలలో చదువుకొను పిల్లలు అటే చూచుచున్నారు. వారికి నమూనాలు చెక్కు మెలకువలు చెప్పువారు కావలసినంతమంది. కావలివాడు ఎట్లు ‘చూచునో’ చెప్పువారు తక్కువ. నా భయమంతయు ఇచ్చటనే.

మా పిల్లలకు నేను చెప్పిన చికిత్స చవుకైనది. లాప్‌టాపు మూయించి, గ్రాఫు కాగితము పరచితిని. గోడలకు పెన్సిలు గీతలు, కావలివారికి చింతగింజలు, దొంగకు ఒక గవ్వ. దీపము చుట్టును మూడు గళ్లు వెలుతురు, తక్కినది నీడ. వెలుతురులో కావలివాడు ఎనిమిది గళ్లు చూచును, నీడలో రెండే. నడచిన ఒక గడి, పరుగెత్తిన రెండు. పరుగెత్తిన చప్పుడు ఐదు గళ్ల వరకు వినబడును. పులిజూదమువలె వంతులవారీగా ఆడితిమి. మొదటి ఆట రెండు నిమిషములలో ముగిసెను, దొంగ పట్టుబడెను. చప్పుడు ఐదు గళ్ల నుండి నాలుగునకు తగ్గించితిమి. రెండవది ఇరువది నిమిషములు సాగెను. గవ్వ దీపము అంచున, కావలివానికి మూడు గళ్ల దూరములో నున్నపుడు ముగ్గురును ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. ఆ కాగితముమీద మీసము లేదు, నాచు లేదు.

మరునాటినుండి వారు నియమములను తిరిగి వ్రాయ మొదలిడిరి. నెల దినముల తరువాత మరల వచ్చి చూపినపుడు బురుజు నీడలో నేను నిజముగానే దాగగలిగితిని. దివిటీ నార్పిన గోడమీది రాళ్లు నల్లబడినవి, కావలివాడు ఆగి, తల త్రిప్పి, “ఎవరది?” అనెను. మీసము అట్లే యున్నది. కాని ఈసారి దానిని చూచుటకు నాకు తీరిక దొరకలేదు. ఫతే దర్వాజా చప్పట్లు మాత్రము ఇంకను చేరలేదు. ప్రతిధ్వనిని లెక్కించుట కష్టముగా నున్నదట. కొండ ఎత్తు, కమాను వంపు కొలిచి తెత్తుమని చెప్పి వచ్చే ఆదివారము గోలకొండకు పోవుచున్నారు. నన్నును రమ్మనిరి.