యువజనశిక్షయందు కర్తృకర్మవిచారము

బాలురకు విద్య గఱపుట వేఱు, బాలురను పనిముట్లుగా దీర్చుట వేఱు. ఈ రెండింటికిని బాహ్యరూపము తఱచుగా నొక్కటియే. రెండింటను పాటలుండును, కథలుండును, వరుసలు దీరి నడచుట యుండును, గురువని పిలువబడు నొకడుండును. గడచిన శతాబ్దమున కొన్ని నిరంకుశప్రభుత్వములు తమ దేశములలోని బాలురను ప్రభుత్వసంఘములలో జేర్చి, వారి నోట తమ మాటనే పలికించినవి. ఈ విషయమును గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. అయినను వైయాకరణులును నాలంకారికులును నిందు జెప్పవలసినది కొంత మిగిలియున్నదని తోచుచున్నది. ఏలయన నా సంఘముల ముఖ్యసాధనము ఆయుధము గాదు, వాక్కు. ప్రతిజ్ఞ, గీతము, వీరగాథ అను మూడింటిచేతనే బాలుని మనస్సు వశపఱచుకొనబడెను. వాక్కు సాధనమైనచోట నది సాధువో యసాధువో పరీక్షించుట మనకు విహితమే.

మొదట లక్షణమును నిర్ణయింపవలెను. ఏకవేషము ధరించి యేకకంఠముగా పాడు బాలసమూహమే ప్రభుత్వ యువజనసంఘమన్నచో నతివ్యాప్తి కలుగును. మన స్కౌటు దళములును, 1948లో చట్టముచే నేర్పడిన నేషనల్ క్యాడెట్ కోరును, గ్రామములందలి భజనమండలులును నిందు జేరిపోవును. నిర్బంధముగా జేర్పబడిన బాలసమూహమన్నచో నవ్యాప్తి. జర్మనీదేశమున హిట్లరు యువజనసంఘము 1926లో బుట్టెను. 1933లో నా పక్షము ప్రభుత్వమైన పిమ్మట, 1936 డిసెంబరు 1వ తేదీ చట్టము దేశమందలి యువజనులందఱు నా సంఘమున నుండవలెనని విధించెను. చేరిక వాస్తవముగా నిర్బంధమైనది 1939 మార్చి నియమములచేత. నడుమనున్న యేండ్లలో దమంత చేరినవారు పెక్కురు. నిర్బంధమే లక్షణమైనచో వారు లక్ష్యమునుండి తొలగిపోవుదురు. కాని యా సంఘముయొక్క బలమంతయు వారియందే యుండెను.

కావున నిట్లు చెప్పుట యుక్తము: ప్రభుత్వముగాని, ప్రభుత్వము తానే యైన పక్షముగాని నడుపునదియు, తక్కిన బాలసంఘములను తొలగించి తానొక్కటియే నిలుచునదియు, తన సిద్ధాంతమునకు పూర్వపక్షమును సహింపనిదియు నగు సంఘము. ఈ మూడంశములును గూడియున్నచోట లక్షణము నిర్దుష్టముగా సమన్వయించును. ఇటలీలో 1926లో నేర్పడిన బలిల్లాసంస్థయు, 1937లో దానిని దనలో గలుపుకొనిన లిక్టరు యువజనసంఘమును నిట్టివే. రష్యాలో 1918లో బుట్టిన కొమ్సొమోలును, 1922లో బుట్టిన పయనీరు సంఘమును నిట్టివే. ఈ మూడు దేశములందును స్కౌటు దళములు నిషేధింపబడినవి. అడవులలో గుడారములు వేయుటయు, నిప్పు చుట్టును గూర్చుండి పాడుటయు నా దళములనుండియే గ్రహింపబడినవి. గ్రహించిన పిదప మూలము గొట్టివేయబడినది.

ఇక ప్రధానవిషయము. క్రియయందు స్వతంత్రుడే కర్త యని పాణినిమతము. అట్టి కర్తను ప్రేరేపించువానికి హేతువనియు గర్తయనియు రెండు సంజ్ఞలు గలవు. ఇంతవఱకు విద్యార్థులును నెఱుగుదురు. గమనింపదగిన దింకొకటి యున్నది. నడచుట, తెలియుట, తినుట, శబ్దము కర్మగా గలిగి పఠించుట మొదలగు నర్థములు గల ధాతువులకును, అకర్మకధాతువులకును బ్రేరణార్థమున ణిచ్చు వచ్చినప్పుడు, పూర్వము కర్తయైనవాడు కర్మ యగును. 'బాలో గీతం పఠతి' యనుచోట బాలుడు కర్త. 'ఆచార్యో బాలం గీతం పాఠయతి' యనుచోట వాడే కర్మ. పచనాదిక్రియలయం దిట్లు గాదు. యువజనసంఘములలో బాలునిచే జేయింపబడిన పనులేవి? వరుసగా నడిపించుట, ఒకే సిద్ధాంతమును బోధించుట, ప్రతిజ్ఞలను వల్లెవేయించుట. కర్తను గర్మగా మార్చు ధాతుగణమే యిది. శిక్షింపబడువాడు కర్మ యగుట కెంత సులభుడో మన శాస్త్రము లక్ష్యమును జూచియే చెప్పినట్లున్నది.

అట్లయిన బ్రతి గురువును శిష్యుని గర్మగా జేయుచున్నాడు గదా, సద్విద్యకును దుర్విద్యకును భేదమేమి యని శంక. తెనుగును జూచిన సమాధానము లభించును. 'బాలునిచేత పాట పాడించెను' అని మనము తృతీయను వాడుదుము. ఈ తృతీయ బాలుడు ప్రేరితుడయ్యును గర్తయే యని తెలుపుచున్నది. ప్రేరితునకు గర్తృత్వ మెట్లు నిలుచును? చేయక మానుటకును వానికి శక్తి యుండుటచేత. ఆ శక్తి లేనిది కేవలము కరణము, గొడ్డలివంటిది. గొడ్డలిచేత చెట్టు నఱికెనన్నప్పుడును దృతీయయే. విభక్తి యొక్కటియే యైనను నర్థము వేఱు. సద్గురువు బాలునిచేత పాడించునప్పటి తృతీయ కర్త్రర్థకము. నిరంకుశప్రభువు పాడించునప్పటి తృతీయ కరణార్థకము. సద్విద్యాదుర్విద్యల భేదమంతయు నీ తృతీయార్థభేదమున నున్నది.

ఇంకొక విశేషము. జర్మనీలో బదియేండ్లు నిండిన బాలుడు హిట్లరు జన్మదినసమయమున సంఘమున జేరి, ప్రాణమైనను నిచ్చెదనని ప్రతిజ్ఞ చేయుచుండెను. ఆ వాక్యమున గర్త 'నేను'. క్రియ యుత్తమపురుష. ప్రేరణప్రత్యయ మెచ్చటను వినబడదు. అంతర్భావితణ్యర్థమని వైయాకరణులు చెప్పుదానికి సమీపముగా, నిచ్చట బ్రేరణ లోపల దాగియున్నది. పదియేండ్లవాడు ప్రాణదానమును గూర్చి యేమి యెఱుగును? 'చెప్పింపబడుచున్నాను' అనవలసినచోట 'చెప్పుచున్నాను' అనిపించుటయే యా సంఘములు సాధించిన వాక్ప్రయోగము. రానురాను బాలుడు తానే కర్తనని నమ్మును. ఈ భ్రమయే నిర్బంధముకంటె దృఢమైన పాశము.

ఆలంకారికదృష్టితో జూచినను నిట్లే. ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము అని యుపదేశము మూడు విధములని మమ్మటాదులు చెప్పిరి. ప్రభుసమ్మిత మాజ్ఞాపించును. వినువాడు దానిని ఆజ్ఞ యని యెఱిగియే వినును. కాంతాసమ్మితమగు కావ్యము రసముచే నెదను గరగించి చెప్పును. నిరంకుశప్రభుత్వములు చేసిన పని ప్రభువాజ్ఞకు గాంతావేషము వేయుట. జర్మనీలో 1932లో షెంజింగరు అను రచయిత 'హిట్లరు బాలుడు క్వెక్స్' అను నవలను వ్రాసెను. మఱుసటియేట నది చలనచిత్రమయ్యెను. అదే 1932 జనవరిలో బెర్లిను నగరమున వీథికలహమున జంపబడిన నోర్కస్ అను బాలుని మరణమే దీనికి మూలము. కథానాయకుని తండ్రి కమ్యూనిస్టు. కుమారుడు తండ్రిపక్షమును విడిచి హిట్లరు బాలుడై చచ్చును. ఆ సంవత్సరముననే రష్యాలో యురల్ ప్రాంతమున బావ్లిక్ మొరోజొవ్ అను బాలుడు చంపబడెను. తండ్రిపై ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసిన పయనీరుగా వానిని వీరుని జేసి పాటలును బొమ్మలును బుట్టించిరి. అందలి సత్యాసత్యములను దరువాతి పరిశోధకులు గాఢముగా శంకించియున్నారు. పరస్పరశత్రువులగు రెండు ప్రభుత్వములును నొకే కథను గోరుట విచారింపదగినది: తండ్రిని విడిచిన బాలుడు, అకాలమరణము, ఆ మరణముపై నిలిచిన ప్రభుత్వము.

తండ్రి నెదిరించిన బాలుడు మనకును గలడు. పోతన భాగవతమునందలి ప్రహ్లాదుడే వాడు. పయనీరు వీరునికిని బ్రహ్లాదునకును భేదమేమి యని యెవడైన నడుగవచ్చును. హిరణ్యకశిపుని రాజ్యమున బాఠశాల ప్రభుత్వముదే. చండామార్కులు రాజనియుక్తులు. విష్ణుపక్షమువారు రహస్యముగా వచ్చి బాలుని బుద్ధి మార్చుచున్నారేమో యని రాజునకు సందేహము. బాలుని విపరీతవాక్యములను విని రాజు కోపింపగా గురువులు, ఇది తాము చెప్పినదియు నితరులు చెప్పినదియు గాదని విన్నవించిరి. కర్త యెవ్వడను ప్రశ్నయే యచ్చటను బుట్టినది. నారదు డుపదేశించినమాట సత్యమే. ఉపదేశము పొందుట దోషము గాదు. ఆ యుపదేశముపై దండమును లేదు, బహుమానమును లేదు. ప్రహ్లాదుడు రాజశక్తి నాశ్రయించి తండ్రిని బట్టి యియ్యలేదు. తానే రాజశక్తి నెదుర్కొని బాధల ననుభవించెను. తుదకు వరము గోరవలసివచ్చినప్పుడు తండ్రి పవిత్రుడు గావలెనని కోరెను. ఒకచో బుత్రుని మాటచే బ్రభుత్వమునకు బలము, తండ్రికి నాశము. ఇంకొకచో బుత్రుని మాటచే దండ్రికిని దరణోపాయము. ఇంతకంటె స్పష్టమగు భేదము వలయునా?

ఇది పరదేశములమాట, మనకేల యనరాదు. హైదరాబాదు రాజ్యమున జర్మనీలోవలె సర్వబాలురను జేర్చుకొనిన ప్రభుత్వసంఘము లేదు. లేని సామ్యమును గల్పించుట న్యాయము గాదు. కాని వాక్కుపై నధికారమను నంశ మిచ్చటను గనబడును. ప్రజలలో దెలుగువారే యధికులైనను, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. అనుమతి లేక స్వకీయపాఠశాల పెట్టరాదు. గస్తీ నిశాన్ తిర్పన్ అను నుత్తరువు ననుసరించి యనుమతి లేక సభ జరుపరాదు. బడులలో బ్రభువునకు దీర్ఘాయువు గోరు గీతము పాడింపబడుచుండెను. 1938 నవంబరులో ఉస్మానియా వసతిగృహములందలి విద్యార్థులు ప్రార్థనాసమయమున వందేమాతరగీతమును బాడగా నధికారులు నిషేధించిరి. విద్యార్థులు మానలేదు. బహిష్కృతులైన వారిలో బెక్కురకు నాగపూరు విశ్వవిద్యాలయము తావొసగెను. పి.వి. నరసింహారావుగారు ఆ యుద్యమమున బాల్గొనినవారే. చెఱసాలలో దెబ్బలు తినుచును నా గీతమునే పలికిన రామచంద్రరావుగారికి 'వందేమాతరం' ఇంటిపేరువలె నిలిచినది. ఆ బాలురు పాడునప్పుడు వారిని బాడించినవా డెవ్వడును లేడు. వారు కర్తలు.

ఆ రాజ్యముననే 'రజాకారు' అను శబ్దము వాడుకలోనికి వచ్చినది. రజా యనగా సమ్మతి, ఇచ్ఛ. ఇచ్ఛచే బనిచేయువాడు రజాకారు. వ్యుత్పత్తి స్వాతంత్ర్యమునే చెప్పుచున్నది. వ్యవహారమున నా శబ్దము 1948 నాటికి తెలంగాణ గ్రామములందు భయమునకు బర్యాయమయ్యెను. అది మజ్లిస్ పక్షమువారి దళము. కాసిం రజ్వీ నాయకుడు. ప్రభుత్వశాఖ గాకున్నను బ్రభుత్వము దానిని వారింపలేదు. ఇది మతవిషయమని భ్రమింపరాదు. ఉస్మానియాలోనే చదివిన షోయబుల్లాఖాన్ ఇమ్రోజ్ అను ఉర్దూపత్రికలో రజాకారుల నెదిరించి వ్రాసి, 1948 ఆగస్టులో హత్య చేయబడెను. ఉర్దూలో జదివి, ఉర్దూలోనే 'కాదు' అన్నవాడు. భాషయు మతమును నిరంకుశత్వమునకు హేతువులు గావు.

మనము పరులకు వాడిన కొలత మనకును వాడుకొనవలెను. 1938లో వందేమాతరము పాడుట స్వాతంత్ర్యము. నేడు దానినే దండముచే బాడించిన నది స్వాతంత్ర్యమా? గీత మొక్కటియే, కారకము మాఱినది. కేరళలో ముగ్గురు బాలబాలికలు తమ మతవిశ్వాసముచే జాతీయగీతమును బాడక, గౌరవముతో నిలిచియుండిరి. వారు బడినుండి తీసివేయబడగా 1986లో సర్వోన్నతన్యాయస్థానము వారిని మరల జేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారగు ఓ. చిన్నప్పరెడ్డిగారు. చేయక మానుటకు శక్తి గలవాడే కర్త యను వ్యాకరణార్థము రాజ్యాంగమునకును సమ్మతమని యిందుచే దెలియుచున్నది.

ఈ పత్రికను జదువు పండితులలో గొందఱు మన అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములందు బాఠములు చెప్పువారు. మైత్రీవనము చుట్టుపట్ల వీథులలో దెలుగుజిల్లాలన్నిటినుండి వచ్చిన యువజనులు గణకయంత్రభాషలను నేర్చుచున్నారు. వారిని దెచ్చినది ప్రభువాజ్ఞ గాదు, జీవనోపాధి. పాఠము నచ్చనిచో నెదుటివీథిలోని వేఱొక గురువును జేరుదురు. ఇందు గొఱతలు లేవని కాదు. కాని తొలగిపోవు స్వాతంత్ర్య మున్నది. మన తెలుగు తరగతులయందో? వార్షికోత్సవమునకు బద్యములను వల్లెవేయించి, అర్థమడిగిన బాలుని గసరుట లేదా? నినాదములు వ్రాసి యిచ్చి, బాలునిచే దనమాటగా జదివించుట లేదా? ఇవి చిన్నవే. పెద్దవానికి మార్గ మిట్టి చిన్నవే తీయును.

మన శాస్త్రసంప్రదాయమున బూర్వపక్షము లేని సిద్ధాంతము లేదు. ప్రత్యర్థి చెప్పనిచో మనమే వానిపక్షమున జెప్పి, పిదప ఖండింతుము. నిరంకుశుల శిక్షయందు లోపించిన దిదియే. అయినను వారి శిక్షయు బూర్ణముగా ఫలింపలేదు. హిట్లరు సంఘమున నాయకుడుగా నుండిన హాన్స్ షోల్, సోదరి సోఫీతో గూడి 'తెల్లగులాబి' పేరిట గరపత్రములను బంచి, 1943 ఫిబ్రవరి 22వ తేదీన మరణదండనము నొందెను. ఇంటిలో దండ్రి వేఱుమాట చెప్పుచుండెను. వారు వేఱుగ్రంథములు చదివిరి. పూర్వపక్షము చెవిని బడినచో గర్తృత్వము మరల మేల్కొనునని దీనివలన సిద్ధించుచున్నది.

కావున బాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. బాలునకు విధ్యర్థకక్రియను నేర్పినట్లే వ్యతిరేకక్రియను నేర్పవలెను. సంస్కృతమున నిషేధమునకు వేఱుపదము వలయును. తెనుగున నది క్రియలోనే యిమిడియున్నది: చేయను, పాడను, పలుకను. ఈ రూపములను బట్టికలో జదివించి విడువక, తరగతిలో బాలుడు వానిని సహేతుకముగా బ్రయోగించినప్పుడు గురువు కోపింపక వినవలెను. అట్లు వినబడిన బాలుడు పిమ్మట 'చేయుదును' అన్నచో నా మాటకు వాడే కర్త.